ఆరో ఫైనల్‌కి సెంబోజా రాకూడదు

పన్నెండో వీధిలో నా కుట్టుమిషను కంటే నా కొట్టు అరుగుకే పేరెక్కువ. బట్టలిచ్చి పోయేవాళ్ళు వారానికి పదిమంది ఉంటే, ఊరికే వచ్చి కూర్చునేవాళ్ళు రోజుకి ఇరవైమంది. సాయంత్రం అసర్ నమాజు అయిందో లేదో కాఫీవాడు ఇత్తడి కూజా, దాని కింద నిప్పులూ మోసుకుంటూ చేరతాడు. చిన్న పింగాణీ గిన్నెల్లో పాలూ పంచదారా లేని కాఫీ పోస్తాడు. పక్కన వేరుశనగ అచ్చు ముక్క పెడతాడు. అది కొరుక్కుంటూ టాంగా ఊళ్ళో ఎవరి కాపురం నిలుస్తుందో, రేవులోకి ఏ ఓడ ఎప్పుడొస్తుందో, ఏ జట్టు కప్పు గెలుస్తుందో తేల్చేస్తారు. ఇంతవరకు ఒక్కటీ సరిగ్గా తేల్చిన పాపాన పోలేదు. అయినా మర్నాడు అరుగు మళ్ళీ నిండుతుంది.

మాది మ్కోంగే అరుగు. మ్కోంగే అంటే కిత్తనార. ఊరంతా ఆ నారమీదే బతికిన రోజుల్లో మిల్లు కూలీలు పెట్టుకున్న ఫుట్‌బాల్ జట్టు అది. మావి ఆకుపచ్చ చొక్కాలు. రేవు దగ్గరి జాలర్ల జట్టు గలావా, అంటే పడవ. వాళ్ళవి నీలం చొక్కాలు. ప్రాంతీయ కప్పు ఫైనల్‌కి మేము ముప్పై ఒక్కేళ్ళలో అయిదుసార్లు వెళ్ళాం, అయిదుసార్లూ ఓడి వచ్చాం. ఈసారి ఆరో ఫైనల్. అదీ సొంత ఊళ్ళో, గలావాతోనే.

నేను చెప్పబోయేది సెంబోజా గురించి. నార మిల్లులో బేళ్ళమీద నంబర్లు వేసే పని చేసి రిటైరైనవాడు. ముప్పై ఒక్కేళ్ళ కిందట మొదటి ఫైనల్‌కి నా దగ్గరే ఆకుపచ్చ చొక్కా కుట్టించుకున్నాడు. అయిదు ఫైనల్సూ ఆ ఒక్క చొక్కాతోనే చూశాడు. కాలరు రెండుసార్లు మార్చాను, చంకలు మూడుసార్లు. ఇక అసలు చొక్కా ఎంత మిగిలిందో మా ఇద్దరికీ తెలీదు. ఫైనల్ ముందు ప్రతిసారీ అరుగుమీద లేచి నిలబడి "మూడు సున్నా, మనదే" అంటాడు. ప్రతిసారీ ఓడిపోయి, మర్నాడు వచ్చి రెఫరీని తిట్టకుండా, ఆటగాళ్ళని తిట్టకుండా, తన కాఫీ తను తాగి వెళ్ళిపోతాడు. జట్టుని ఒక్క మాట అననిచ్చేవాడు కాదు. అలాంటి మనిషి ఉండటం మా అదృష్టమని ఏ ఒక్కడికీ తట్టలేదు.

ఇక కలుండే. నా కొట్టు ఎదురుగా, సెంబోజా గుమ్మం పక్కనే పొంగడాలు వేసి అమ్ముతుంది. ఆటలో మాత్రం గలావా మనిషి. ఆవిడ న్యామ్‌వేజీల ఆడపడుచు, సెంబోజా జిగువా. ఈ రెండు తెగల మధ్యా తాతల నాటి నుంచి వేళాకోళపు వరస ఉంది, ఉటాని అంటారు. ఆ వరసలో ఎవరు ఎవర్ని ఎంత మాటైనా అనొచ్చు, కోపం తెచ్చుకున్నవాడికే పరువు తక్కువ. చావింట్లో కూడా ఆపరు. సెంబోజా భార్య పోయిన రోజున శవం లేవకముందే కలుండే ఆ చనిపోయినావిడ గుడ్డ చుట్టుకుని, ఆవిడలాగే కుడికాలు ఈడుస్తూ ఇల్లంతా తిరిగి, "ఏవయ్యా, మళ్ళీ ఆ పచ్చ చొక్కా ఉతకమని పడేశావా? నేను పోతున్నాగా, ఇక నువ్వే ఉతుక్కో" అంది. ఏడుస్తున్న ఇల్లంతా పగలబడి నవ్వింది. సెంబోజా కూడా నవ్వాడు, ఆ నవ్వులోనే భోరుమన్నాడు. అంతవరకు అతని కంట్లోంచి చుక్క రాలేదు.

ఫైనల్ ఆదివారమనగా మంగళవారం నాడు అరుగుమీద లెక్క మొదలైంది. మోటార్‌సైకిలు కిరాయికి నడిపే బరూకు గొంతే అందరికంటే పెద్దది.

"ముందువరసకి ఢోకా లేదు. కుడివైపు మన ఇరవై నాలుగేళ్ళ కుర్రాడున్నాడు."

"ఇరవై నాలుగా? ఆయనగారి కొడుక్కి పెళ్ళిసంబంధాలు చూస్తున్నారు," అన్నాడు కాఫీవాడు.

"కాగితం మీద ఇరవై నాలుగేరా. మనకి కాగితమే కదా ముఖ్యం. మధ్యలో ఇద్దరూ గుర్రాలు. వెనకవరస కాస్త బరువు, అయితే ఏం, దాటాలంటే చుట్టు తిరిగి పోవాలి. ఇక గోలు..."

గోలు అనేసరికి అందరూ ఎవరి గిన్నెలోకి వాళ్ళు చూసుకున్నారు. ఎందుకంటే జట్టు అధ్యక్షుడు కిడుండా అక్కడే తెల్లటోపీ పెట్టుకుని కూర్చునున్నాడు. మొదటి రెండు ఫైనల్సులో గోల్‌కీపరు ఆయన తమ్ముడు. తర్వాతి మూడింటిలో ఆ తమ్ముడి కొడుకు రజబు. ఆ రెండు కర్రల మధ్య స్థలం వాళ్ళింటి ఆస్తి, పట్టా ఒక్కటే తక్కువ. రజబు చూడ్డానికి బాగుంటాడు. బంతి వచ్చినప్పుడు చాలా అందంగా దూకుతాడు, బంతి ఎటు పోతే దానికి రెండోవైపు.

"గోలు మన రజబు చూసుకుంటాడు," అని బరూకు గబగబా ముగించాడు.

కిడుండా మెల్లగా గొంతు సవరించుకున్నాడు. "అంతా బాగుందయ్యా. మరి అయిదుసార్లూ ఎందుకోడాం? ఆలోచించండి. ఆటగాళ్ళు మారారు, కోచ్‌లు మారారు, రెఫరీలు మారారు. అయిదింటిలోనూ మారకుండా ఉన్నదేంటి?"

ఈ ప్రశ్నకి జవాబు తెల్లటోపీ పెట్టుకుని ఎదురుగానే కూర్చుంది. కానీ ఆ అరుగుమీద ఉన్న ఇరవై తలలూ ఒక్కసారి సెంబోజా వైపు తిరిగాయి.

సెంబోజా అప్పుడే లేచి "మూడు సున్నా" అనబోతున్నవాడు, అలాగే నిలబడిపోయాడు.

"నేనా?" అన్నాడు.

"నువ్వని కాదు పెద్దాయనా, నీ పాదం," అన్నాడు బరూకు, మర్యాదగానే. "నువ్వెప్పుడు స్టేడియంలో కాలు పెట్టినా మన పని గోవిందా. అయిదుకి అయిదు. ఇది నా మాట కాదు, లెక్క చెప్తోంది."

అపశకునం, దరిద్రపు పాదం, అచ్చిరాని మనిషి అంటూ తలా ఒక మాట అందుకున్నారు. మొన్న సెమీఫైనల్ ఎందుకు గెలిచామో కూడా ఆ క్షణంలోనే కనిపెట్టారు: ఆరోజు సెంబోజాకి జ్వరం. కిడుండా చేతులెత్తించాడు. ఆదివారం సెంబోజా స్టేడియానికి రాకూడదు, రేడియో వినకూడదు, ఫోను దగ్గర ఉంచుకోకూడదు. ఇరవై చేతులు లేచాయి. అందులో నాదీ ఒకటి. జట్టు చొక్కాలన్నీ ఏటా నా దగ్గరే కుట్టిస్తారని మీకు ఇప్పుడే చెప్పడం మంచిది, తర్వాత ఎవరో చెప్పేకంటే.

సెంబోజా వాదించలేదు. "నేను రాకపోతే గెలుస్తామంటే రాన్లే," అన్నాడు. మళ్ళీ, "గెలిస్తే కప్పు ఊరేగింపు మన వీధిలోంచి తెస్తారుగా?" అనడిగాడు.

"తెస్తాం, తెస్తాం. నీ గుమ్మం ముందు రెండు నిమిషాలు ఆపిస్తాను," అన్నాడు కిడుండా. ఓడిపోయే కప్పుని ఎక్కడ ఆపిస్తే ఆయనకేం పోయింది.

ఎదురుగా పొంగడాలు తిప్పుతున్న కలుండే అంతా విని, "ఒరేయ్ జిగువా ముసలాడా! నీ కాలుకి ఇంత బలముందని తెలిస్తే మా ఇంటి గోడ పడగొట్టడానికి కూలీలని పెట్టేదాన్ని కాదురా, నిన్నే పిలిచేదాన్ని!" అని అరిచింది.

"నువ్వు పిలిస్తే ఎవడొస్తాడే మూటలదానా? మీ తాతలు దారిపొడుగునా మూటలు మోసి మోసి మీ మెడలే మిగల్లేదు," అన్నాడు సెంబోజా. రోజూ అనే మాటే. కానీ గొంతులో పస లేదు.

శనివారం నాడు ఇంకో తమాషా జరిగింది. గలావా పెద్దలు నలుగురు నీలం చొక్కాలేసుకుని, కలుండేని వెంటబెట్టుకుని సెంబోజా ఇంటికి వెళ్ళారు. వాళ్ళకి కూడా ఈ పాదం సంగతి తెలిసిపోయింది. "పెద్దాయనా, నీ వాళ్ళు నిన్ను గెంటేశారట. మా వైపు కుర్చీ వేయిస్తాం, మెత్త కూడా వేయిస్తాం. పులావు పంపిస్తాం. నీ పచ్చ చొక్కాతోనే రా, నీ జట్టుకే కేకలెయ్యి. లోపలికొచ్చి కూర్చుంటే చాలు," అన్నారు. ముప్పై ఒక్కేళ్ళు సిమెంటు మెట్లమీద ఎండలో కూర్చున్న మనిషికి మెత్తవేసిన కుర్చీ! అతనికి ఆ ఆట చూడాలని ఎంత ఉందో నాకు తెలుసు. శుక్రవారం నుంచి అన్నం సయించడం లేదు.

"మా వాళ్ళు వద్దన్నారు. నేను రాను," అన్నాడు సెంబోజా. నీలం చొక్కాలు దండం పెట్టి వెళ్ళిపోయాయి. ఆ తర్వాత అతను తన చొక్కా తీసి సబ్బుపెట్టి శుభ్రంగా ఉతికాడు, కప్పు గుమ్మం ముందు ఆగినప్పుడు వేసుకుని నిలబడదామని. ఉతికి పెరట్లో తీగమీద ఆరేశాడు. ఈ చొక్కా సంగతి మీరు గుర్తుంచుకోండి, అరుగు గుర్తుంచుకుంది.

ఆదివారం మధ్యాహ్నం నేను వెళ్ళి అతని ఫోను తీసుకొచ్చి నా సొరుగులో పెట్టి తాళం వేశాను. "బాగా చూసిరా టైలరూ. వచ్చాక నాకంతా వరసగా చెప్పాలి," అన్నాడు. నేను స్టేడియానికి పోయాను. ఊరంతా పోయింది. వీధిలో మిగిలింది సెంబోజా, కలుండే. అక్కడ జరిగింది తర్వాత సెంబోజా చెప్తేనే నాకు తెలిసింది.

"నువ్వెందుకు పోలేదే?" అనడిగాడు ఆమెని.

"మా వాళ్ళు ఎలాగూ గెలుస్తారు, చూడ్డమెందుకు దండగ. సాయంత్రం ఊరేగింపుకి పొంగడాలు కావాలి. ఊరికే కూర్చోకపోతే ఈ కొబ్బరి కోరిపెట్టు," అని కోరుపీట అతని ముందుకి తోసింది. నిజమేమిటంటే అతన్ని ఆ పూట ఒంటరిగా వదలడం ఆవిడకి ఇష్టం లేదు. ఆ మాట గొంతు కోసినా ఒప్పుకోదు.

స్టేడియం అక్కడికి మైలు దూరం. కేక వినబడుతుంది, కానీ రెండు జట్లూ ఒకే ఊరివి కావడంతో ఎవరి గోలుకైనా కేక ఒకేలా ఉంటుంది. మొదటి కేక వచ్చింది. సెంబోజా కొబ్బరిచిప్ప పట్టుకుని లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూర్చున్నాడు. అరగంటకి రెండోది. ఇంకాసేపటికి మూడోది. ఇక తర్వాత లేదు.

"మూడు," అన్నాడు సెంబోజా. అతని మొహం వెలిగిపోయింది. "మూడు సున్నా! నేనేం చెప్పాను? నేనేం చెప్పానే?"

కలుండే పొంగడం తిప్పుతూ తలెత్తకుండానే అంది: "ఆ, చెప్పావు. అయిదుసార్లు అక్కడుండి చెప్తే అవలేదు. ఒక్కసారి ఇక్కడ కూర్చుంటే అయింది. అంటే బరూకు చెప్పిందే కరెక్టన్నమాట. ముప్పై ఒక్కేళ్ళు మీ కొంప ముంచింది నువ్వేరా ముసలాడా. ఇక రుజువైపోయిందిగా, కప్పుమీద నీ పేరు చెక్కించమను."

వేళాకోళంగానే అంది. రోజూ అనే వంద మాటల్లో ఇదొకటి. కానీ ఇంతవరకు ఆ ఆలోచన సెంబోజాకి రాలేదు. తన జట్టు గెలిస్తే ఆ అయిదు ఓటములూ తన నెత్తిమీదికి వస్తాయని, ఇక చచ్చేదాకా ఏ ఆటకీ తనని రానివ్వరని, చచ్చాక కూడా అరుగుమీద తన పేరు అలాగే తలుచుకుంటారని అప్పుడు అర్థమైంది. కోరుపీట పక్కకి నెట్టి, పెరట్లోకి వెళ్ళి తీగమీది చొక్కా తొడుక్కుని తన గుమ్మంలో నిలబడ్డాడు. దూరంగా డప్పులు మొదలయ్యాయి. అవి దగ్గరికొచ్చేకొద్దీ అతను ద్వారబంధం పట్టుకుని వీధి మలుపు వైపు చూశాడు.

వీధి మలుపులో ముందుగా ఒక జెండా కనబడింది. నీలం. దాని వెనక నీలం చొక్కాలు, నీలం కాగితాలు, నీలం పూసుకున్న మొహాలు.

"అల్‌హమ్దులిల్లా," అన్నాడు సెంబోజా.

దేవుడు మేలు చేశాడని గట్టిగానే అన్నాడు. అన్న తర్వాత తనేమన్నాడో తనకే వినబడింది. పక్కకి చూస్తే కలుండే పొంగడాల గరిటె పట్టుకుని అతన్నే చూస్తోంది. జీవితంలో ఒక్క వేళాకోళం వదిలిపెట్టని మనిషి ఆ ఒక్కమాట వదిలేసింది. తన సొంత జట్టు కప్పుతో ఎదురుగా పోతుంటే అటు కూడా చూడలేదు.

స్టేడియంలో జరిగిందాన్ని నేను వర్ణించక్కర్లేదు. బంతి మూడుసార్లు ఎడమవైపుకి వచ్చింది. రజబు మూడుసార్లు కుడివైపుకి దూకాడు, ఫొటో తీయించుకోవలసినంత అందంగా.

మర్నాడు సాయంత్రం అరుగుకి అందరికంటే ముందు వచ్చినవాడు సెంబోజా. ఆ రోజు అందరి కాఫీ తనదేనన్నాడు. అతనేం వినడానికి వచ్చాడో నాకు తెలుసు. ఎవరో ఒకరు "పెద్దాయనా, పాపం నీ తప్పేం లేదు, నువ్వు లేకుండానే ఓడాంగా," అనాలి. ఆ ఒక్కమాట కోసం గిన్నె చేతిలో పట్టుకుని ఒక్కొక్కరి మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు. అది నేనైనా అనొచ్చు. కానీ కిడుండా పక్కనే కూర్చున్నాను, నోట్లో అచ్చు ముక్క ఉంది.

"అన్ని జాగ్రత్తలూ తీసుకున్నాం. ఎక్కడ జరిగిందో పొరపాటు," అని కిడుండా నిట్టూర్చాడు.

బరూకు తొడ చరుచుకున్నాడు. "చొక్కా! అధ్యక్షా, చొక్కా! ఆదివారం పొద్దున బండిమీద పోతూ నా కళ్ళతో చూశాను. ఈయన పెరట్లో తీగమీద ఆరేసుంది. దాని ముందువైపు ఎటుందో తెలుసా? తిన్నగా స్టేడియం వైపు!"

అరుగంతా "అయ్యయ్యో" అంది. అంతమంది పెద్దమనుషులు, కొందరు హజ్‌కి కూడా వెళ్ళొచ్చినవాళ్ళు, ఒక చొక్కా మైలు దూరంనుంచి మూడు గోల్సు ఎలా వేయించిందో క్షణంలో అర్థం చేసుకున్నారు. "మనిషినైతే ఆపాం గానీ, చొక్కా సంగతి ఎవరికి తట్టింది!" అని ఒకళ్ళ తెలివి ఒకళ్ళు మెచ్చుకున్నారు.

అప్పుడు కలుండే రోడ్డుకి అవతలనుంచి నడుంమీద చెయ్యి పెట్టుకుని అరిచింది. "ఒరేయ్ జిగువాల్లారా! ఆ చొక్కాని తెచ్చి ఆ రెండు కర్రల మధ్య తీగకట్టి ఆరేసుంటే కనీసం ఒక్క గోలన్నా తగులుకుని ఆగేదిరా! మీ రజబు కంటే అదే నయం! ఏం కిడుండా, చొక్కాకి పెదనాన్న లేడనేగా దాన్ని ఆడించలేదు?"

అరుగు బిగుసుకుపోయింది. ముప్పై ఒక్కేళ్ళుగా ఏ నోటా రాని మాట వీధి మధ్యలో వచ్చిపడింది. కిడుండా కూడా జిగువాయే. కోపం తెచ్చుకుంటే వరస తెలియనివాడవుతాడు. అందుకని నవ్వాడు. ఆయన నవ్వగానే మేమంతా హాయిగా ఊపిరి పీల్చుకుని నవ్వాం. "అబ్బ, ఈ న్యామ్‌వేజీ నోరు!" అనుకున్నాం. నిజం అలా అందరి చెవుల్లో పడి, నవ్వులో కొట్టుకుపోయింది. ఉటానిలో ఎన్ని నిజాలైనా చెప్పొచ్చు. విన్నవాడు పట్టించుకోనక్కర్లేదు కాబట్టే చెప్పనిస్తారు.

నవ్వనిది సెంబోజా ఒక్కడే. గిన్నె కింద పెట్టి లేచి వెళ్ళిపోయాడు. కలుండే వెనకనుంచి "ఏరా, నోరు పడిపోయిందా?" అంటే తిరిగి ఒక్కమాట అనలేదు. ఇన్నేళ్ళలో ఆమె మాటకి బదులివ్వకుండా పోవడం అదే మొదలు. ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

మంగళవారం పొద్దున్నే, అరుగుమీద ఇంకా ఎవరూ చేరకముందు, అతను నా కొట్టుకి వచ్చి మిషనుమీద ఆ పచ్చ చొక్కా పెట్టాడు.

"దీన్ని సంచి కుట్టు టైలరూ. కొబ్బరికాయలు తెచ్చుకోడానికి పనికొస్తుంది."

"బరూకుగాడి మాటలకి ఇదైపోతే ఎలా పెద్దాయనా? తీగమీద చొక్కా ఉంటే జట్టు ఓడుతుందా ఎక్కడన్నా?" అన్నాను. సోమవారం అనవలసిన మాట మంగళవారం అంటే ఎంత తేలిగ్గా ఉంటుందో.

"చొక్కా సంగతి కాదులే. నీలం జెండా చూసి అల్‌హమ్దులిల్లా అన్నాను. కలుండే వింది. నవ్వలేదు. అది నవ్వి ఎగతాళి చేసుంటే బాగుండేది."

నేను చొక్కా మడత విప్పాను.

"దానికి ముందే, గుమ్మంలో నిలబడి దేవుణ్ణి అడిగాను. ఇవి వాళ్ళ గోల్సే కావాలి, మావాళ్ళు ఓడాలి అని అడిగాను. ముప్పై ఒక్కేళ్ళలో ఒక్కసారి కూడా అలా అనుకోలేదు టైలరూ, ఒట్టు. మీరు నన్ను అన్నమాట పోయిన మంగళవారం నాడు అబద్ధం. ఆదివారం నాడు నిజమైపోయింది. నా జట్టు ఓడాలని కోరుకున్నవాణ్ణి, ఇక నన్నేమన్నా నేను కాదనలేను."

నేను కూడా చెయ్యెత్తానని అతనికి తెలుసు. ఆ మాట అనలేదు. "సంచి ఎప్పటికిస్తావు?" అనడిగాడు.

"శుక్రవారానికి."

అతను వెళ్ళిన గంటకి కిడుండా కొత్త ఆకుపచ్చ గుడ్డ తాను మోయించుకుని వచ్చాడు. వచ్చే ఏటికి చొక్కాలన్నీ కొత్తవి కావాలట, పాతవాటికి ఏదో దోషం అంటుకుందట. కొలతలు రాసుకుంటూ, గోల్‌కీపరు చొక్కా దగ్గరికొచ్చి ఆగాను. ఎవరి కొలత అని అడుగుదామనుకున్నాను.

"రజబుదేనయ్యా, పాత కొలతే," అన్నాడు కిడుండా.

"అలాగే," అని రాసుకున్నాను. కొత్త తాను పక్కన పెట్టి, శుక్రవారానికి మాటిచ్చాను కాబట్టి ముందు సంచి పని మొదలుపెట్టాను.